లేఖకదోషము – కర్తృదోషము

తాళపత్ర గ్రంథములను బరిష్కరించు పండితులందఱును మొట్టమొదట నేర్చుకొను సూత్రమొకటి కలదు: వ్రాఁతప్రతిలోఁ గానవచ్చు తప్పులన్నిటిని గవిమీఁద నారోపింపరాదు. పద్యమున గణభంగము కన్పట్టినంతనే కవికి ఛందస్సు తెలియదని తీర్పు చెప్పువాఁడు పరిష్కర్త కాఁడు. అక్షరముల రూపసామ్యమువలనఁ గలిగిన భ్రమయా, ఒకే మాట రెండు పంక్తులలో నుండుటచేఁ గన్ను క్రిందికి జాఱి నడిమి భాగము విడిచిపోయెనా, ఒకఁడు చదువుచుండ వేఱొకఁడు వ్రాయుటచేఁ జెవి చేసిన పొరపాటా యని యతఁడు తఱచి చూచును. బ్రౌనుదొర వేమన పద్యములకుఁ బెక్కు ప్రతులను సేకరించి, పండితులచే సరిచూపించి, 1829లో నచ్చొత్తించుట కీ వివేకమే మూలము. వ్రాయసకాండ్రును దమ పరిమితి నెఱిఁగినవారే. "చూచినది చూచినట్లు వ్రాసితిని, తప్పొప్పులు నావి కావు" అను భావముగల శ్లోకమును, వీపును నడుమును మెడయు విఱుగ వ్రాసితినని చెప్పుకొను శ్లోకమును దేశమందలి ప్రతుల తుదల నెన్నియోచోట్లఁ గాన్పించుచున్నవి.

ఇంతటి వివేకము గల మనము, మన కన్నులయెదుట నేఁడు పుట్టుచున్న యొక వ్రాఁతప్రతి విషయమున దానిని బొత్తిగా మఱచితిమని నా యభియోగము. ఆ వ్రాఁతప్రతి యేదనఁగా, చూపులేని విద్యార్థియో, చేయి స్వాధీనములో లేని విద్యార్థియో పలుకుచుండ వ్రాయసకాఁడు వ్రాసిన కళాశాలా పరీక్షాపత్రము. దానికిఁ గర్త యొకఁడు, లేఖకుఁ డొకఁడు. దోషము లేఖకునిది, దండనము కర్తది. ఇందలి యన్యాయమును విచారించుటయే యీ వ్యాసోద్దేశము.

ముందుగా శాసనము సంగతి. 1995 నాఁటి చట్టము 7 విధముల వైకల్యములను మాత్రము పేర్కొనఁగా, 2016లో నేర్పడి 2017 ఏప్రిల్ 19 నుండి యమలునకు వచ్చిన చట్టము 21 విధములను బేర్కొన్నది. నూటికి 40 పాళ్లకుఁ దక్కువ కాని వైకల్యము గలవారికిఁ బ్రభుత్వోన్నత విద్యాలయములలోను, ప్రభుత్వ సహాయము పొందువానిలోను 5 శాతమునకుఁ దక్కువ కాకుండ స్థానములు కేటాయింపవలెనని 32వ విభాగము విధించుచున్నది. కాని మన విషయమునకు ముఖ్యమైనది స్థానసంఖ్య కాదు. ఇతరులతో సమానముగా హక్కు ననుభవించుటకుఁ, బెట్టువారిపై మితిమీఱిన భారము పడకుండఁ, జేయవలసిన తగు మార్పులను, సర్దుబాట్లను ఆ చట్టము హక్కుగాఁ బరిగణించినది. 16వ విభాగము ఆ సర్దుబాటును ఒక్కొక్క విద్యార్థి యవసరమును బట్టి చేయుమన్నది. 17వ విభాగము పరీక్షావిధానమును సవరించుమని చెప్పుచు నధిక కాలమును, వ్రాయసకానిని బేర్కొన్నది.

ఈ వ్రాయసకాఁ డెట్టివాఁడు కావలెనను ప్రశ్నకు మాత్రము ప్రభుత్వము వేర్వేఱు కాలములలో వేర్వేఱు సమాధానములు చెప్పినది. 2013 ఫిబ్రవరి 26 నాఁటి మార్గదర్శకములు, వ్రాయసకాని చదువు, మార్కులు, వయస్సు మున్నగువానిపై నిర్బంధములు పెట్టవలదనియు, వానికి మాఱుగాఁ బరీక్షాగృహమందలి పర్యవేక్షణమునే కట్టుదిట్టము చేయవలెననియుఁ జెప్పినవి. 2018 ఆగష్టు 29 నాఁటివి, విద్యార్థి తానుగాఁ దెచ్చుకొను వ్రాయసకాని చదువు విద్యార్థి చదువుకంటె నొక మెట్టు తక్కువ కావలెనని విధించినవి. ఆ పిమ్మటను సవరణములు జరిగినవి. ఇట్లు నియమము మాఱినను, దాని వెనుకనున్న భయము మాఱలేదు. వ్రాయసకాఁడు తన తెలివిని విద్యార్థి పేర వ్రాయునేమో యనునదే యా భయము. భయము నిరాధారమని నేననను. మోసము చేయువారు లోకమున లేకపోలేదు. అయినను ఆ భయమున కిచ్చిన మందు వేఱొక రోగమును దెచ్చినది. దానిని నేను స్వానుభవమున నెఱుఁగుదును.

నా బోధనకాలమున నా తరగతిలోఁ జూపులేని విద్యార్థిని యొకతె యుండెను. పద్యము నొక్కమాఱు విన్నచో రెండవమాఱు తానే చదివెడిది. ఎవరైన యతి తప్పఁ జదివినచో నందఱికంటె ముందుగా నామె ముఖమే ముడుచుకొనెడిది. అట్టి యామె పరీక్షాపత్రమున "శకలలోకములకు నాథుఁడు" అని యుండెను. అట్టివే మఱి యాఱేడు కన్పట్టఁగా నేను ఎఱ్ఱసిరాతో గీఁతలు గీచి మార్కులు తగ్గించితిని. పత్రములు పంచి యిచ్చిన నాఁడు ఆమె నాకడకు వచ్చి, "గురువుగారూ, నా కాగితము నేను జదువలేను గదా, అందేమున్నదో కొంచెము వినిపింపుఁడు" అనెను. నేను ఉన్నది ఉన్నట్లు, శకారమును శకారముగనే పలుకుచుఁ జదివితిని. ఆమె కొంత తడవు ఊరకుండి, "నేను సకల మంటినండీ" అని మాత్రము పలికెను. మార్కులు పెంపుమని యడుగలేదు. ఆ వారమంతయు నేను ఇంటివద్ద నొక ప్రాఁతప్రతిని సరిచూచుచు, ఇట్టి తావులందే యంచున "లేఖక ప్రమాదము" అని వ్రాసికొని కవిని గాపాడుచుంటిని. మూఁడు నూఱేండ్లనాఁటి కవికి నేనిచ్చిన న్యాయము నా యెదుటఁ గూర్చున్న విద్యార్థిని కీయలేదు. ఆమెకు వ్రాసిపెట్టినది వేఱొక శాస్త్రము చదువుకొనుచున్న చిన్నతరగతి పిల్ల. ఆ పిల్ల తప్పును లేదు. వినినది వినినట్లు వ్రాసినది.

సకలమనఁగా సర్వము, శకలమనఁగా ముక్క. ఒక్క యక్షరముచే నర్థము తలక్రిందగును. స్వజనము శ్వజన మగుటయు నిట్టిదే. పెద్దలు వ్యాకరణము చదువుమని పిల్లలను హెచ్చరించుట కీ మాటలనే యుదాహరించుట పాఠకు లెఱుఁగుదురు. తెలుఁగు మాటలలో నీ చిక్కు మఱింత సూక్ష్మము. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరము. కరి యేనుఁగు, కఱి నలుపు. నేఁటి యుచ్చారణమున నరసున్నయు శకటరేఫమును వినఁబడవు. విద్యార్థి ప్రాచీనకావ్యమునుండి యొక మాట నుదాహరించునపుడు, దానిలోని యరసున్న యెఱిఁగియే పలికినను, వ్రాయసకానికిఁ దెలియు మార్గము లేదు. "ఇచ్చట నరసున్న, ఇచ్చట బండిఱా" అని యడుగడుగునఁ జెప్పుచుఁ బోయినచోఁ గాలము చాలదు. చెప్పకపోయినచో మార్కులు దక్కవు.

ఛందస్సు ప్రశ్న మఱియొకటి. ఉత్పలమాలలో నొక పాదమునకు 20 అక్షరములు. గణవిభాగము చేయుమన్నచోఁ జూపుగల విద్యార్థి యక్షరములు వ్రాసి, వానిపై గురులఘుచిహ్నములు గీసి, నిలువుగీఁతలతో విడఁదీయును. అతనికది కొన్ని క్షణముల పని. చెప్పి వ్రాయించు విద్యార్థి ప్రత్యక్షరమును, దానిమీఁది చిహ్నమును, గీఁత పడవలసిన చోటును మాటలతోఁ జెప్పవలెను. ఒక పాదమునకే నలువది మాటలు దాఁటును. ఆ విద్యార్థికి "భ ర న భ భ ర వ" అను గణక్రమము నోట నుండవచ్చును, పదవ యక్షరమున యతి యని చెవికే తెలియవచ్చును. అయినను ఛందోజ్ఞానము గలిగిన యా చెవికి మార్కు లేదు, గీఁత గీయు చేతికి మార్కు కలదు. గంటకు 20 నిమిషములకుఁ దక్కువ కాని యధికకాల మీయవలెనని 2018 నాఁటి మార్గదర్శకములు చెప్పినవి. అనఁగా మూఁడుగంటల పరీక్షకు 60 నిమిషములు. "తక్కువ కాని" యను మాటకుఁ గనీసపు టెల్ల యని యర్థము. మనవారు దానినే పరమావధిగాఁ దలఁచుచున్నారు. చరిత్ర ప్రశ్నకును, ఛందస్సు ప్రశ్నకును నొకే కొలఁదిని గాలమును బెంచుట సరికాదు.

ఇఁక వ్రాయసకానికిఁ దెలివి తక్కువగా నుండుట మేలను వాదమును బరిశీలింతము. భారతమును వ్యాసుఁడు చెప్పఁగా గణపతి వ్రాసెనను కథ మనవారందఱు నెఱిఁగినదే. పూనాలోని భండార్కరు సంస్థవారి సంశోధిత ప్రతిలో, 1933లో సంపూర్ణమైన యాదిపర్వమున, సుక్తంకరు పండితుఁ డీ కథను మూలమునుండి తొలఁగించి యనుబంధమునఁ జేర్చినాఁడు. కథ తరువాతి కాలమున వచ్చి చేరినదే యగుఁగాక. చేర్చినవాఁడు లేఖకధర్మమును గుఱించి బాగుగ నాలోచించినవాఁడు. గణపతి తన గంట మాఁగరాదని కోరఁగా వ్యాసుఁడు ప్రతిగాఁ బెట్టిన నియమమేమి? అర్థము తెలియక యేదియు వ్రాయరాదని కదా! కర్త కోరినది తెలివిలేని వ్రాయసకానిని గాదు. తెలిసి వ్రాయుమనెను, తన మాటనే వ్రాయుమనెను. ఈ రెంటికిని విరోధము లేదని యా కథ చెప్పుచున్నది. మన నియమము మాత్రము, తెలిసినవాఁడు తప్పక కల్పించునని భావించి, తెలియనివానిని వెదకుమనుచున్నది.

పరదేశపు నిదర్శనము నొకటి చూతము. ఆంగ్లకవి మిల్టను 1652 నాఁటికిఁ జూపు పూర్తిగాఁ గోల్పోయెను. 1667లో వెలువడిన "పారడైజ్ లాస్ట్" అను మహాకావ్యమును నితరులకుఁ జెప్పి వ్రాయించెను. దాని ప్రథమభాగపు వ్రాఁతప్రతి న్యూయార్కు నగరమందలి మోర్గన్ గ్రంథాలయమున నేఁటికిని గలదు. అది లేఖకుని చేవ్రాఁత, అందు దిద్దుబాట్లును గలవు. ఆ ప్రతిలోని వర్ణక్రమమును బట్టి మిల్టనునకు భాష రాదని వాదించినవాఁడు లేఁడు. ఆ వ్రాఁత వ్రాసినవారిది, ఆ కావ్యము మిల్టనుది యని యందఱు నంగీకరించిరి. మన విద్యార్థి మిల్టను కానక్కఱలేదు. ఈ విచక్షణము పొందుటకు మహాకవి యగుట యర్హత కాదు.

మఱి యేమి చేయవలెను? నాకుఁ దోఁచినవి విద్వాంసుల విమర్శకై మనవి చేయుచున్నాను.

మొదటిది, ప్రశ్నపత్రము కూర్చువారు ప్రతి ప్రశ్నకును దాము దేనిని బరీక్షించుచున్నారో ముందుగా నిశ్చయించుకొనవలెను. వర్ణక్రమమునే పరీక్షించు ప్రశ్న యైనచో నందు వర్ణక్రమమునకు మార్కులుండవలసినదే. విద్యార్థి యా మాటల నక్షరమక్షరముగఁ జెప్పి వ్రాయింపవలెను, దానికిఁ దగిన కాలము నీయవలెను. కావ్యవిమర్శము, అలంకారలక్షణము, కథాసందర్భము నడిగినచోట లేఖకుని యక్షరదోషమునకు మార్కు తీయరాదు. ఛందస్సున గురులఘువుల గీఁతలకు మాఱుగా గణనామములను, యతిస్థానమును జెప్పినఁ జాలును. గీఁత సాధనమే, జ్ఞానము గణములది.

రెండవది, లిపిజ్ఞానము వేఱు, విషయజ్ఞానము వేఱు. రెంటిని గలిపి "చదువు" అని యొక మెట్టుతోఁ గొలుచుటచేతనే యీ చిక్కు వచ్చినది. మోసమునకు వెఱచువారు విషయము తెలియనివానిని గోరవచ్చును. కాని తెలుఁగు తప్పులేక వ్రాయఁగలవాఁడా కాఁడా యని ముందుగా నొక పుట చెప్పి వ్రాయించి చూచుట కడ్డేమి? గణితము చదువుకొనుచు శుద్ధముగఁ దెలుఁగు వ్రాయు పిల్లలు లేకపోలేదు. భాషాపరీక్షలకు వేఱుగ వ్రాయసకానిని గొనవచ్చునని 2018 నాఁటి మార్గదర్శకములే యనుమతించినవి. రెండు దినములు ముందుగా విద్యార్థి వ్రాయసకానిని గలిసికొను నవకాశము నిచ్చినవి. ఈ యవకాశమును నామమాత్రపు పరిచయముగాఁ గాక, శకార షకార సకారముల విషయమున నొడంబడిక చేసికొనుటకు వినియోగింపవలెను.

మూఁడవది యన్నిటికంటె ముఖ్యము. ప్రాచీనగ్రంథముల విషయమునఁ గవి స్వహస్తప్రతి దొరకదు గనుకనే మనము పాఠములను జర్చించి యూహింపవలసివచ్చుచున్నది. ఇచ్చట నట్లు కాదు. విద్యార్థి పలుకు పలుకులను యంత్రమునఁ బట్టి యుంచుట నేఁడు మిక్కిలి సులభము. సమాధానములను ధ్వనిరూపమున ముద్రించి యిచ్చుటయు నొక మార్గమని 2018 నాఁటి మార్గదర్శకములు చెప్పియే యున్నవి. ఆ ధ్వనిముద్రికయే మూలప్రతి. వ్రాసిన కాగితము దాని ప్రతికృతి మాత్రము. సందేహము గలిగినచో మూలప్రతిని జూడవలెను, అనఁగా వినవలెను. దీనివలన వ్రాయసకాఁడు చేర్చిన మాటయుఁ బట్టువడును, చెఱచిన మాటయు బయటపడును. మోసమునకు వెఱచువారికిని, న్యాయము గోరువారికిని నొకటే మందు. తానే కంప్యూటరుపై టైపు చేసి, యంత్రము చదివి వినిపింపఁగా దిద్దుకొనఁగల విద్యార్థికి వ్రాయసకాఁడే యక్కఱలేదు. కర్తయు లేఖకుఁడును నొక్కరే యగుదురు.

నాల్గవది, వ్రాసినదానిని మఱల చదివి వినిపించుటకు వేఱుగఁ గాలము కేటాయింపవలెను. తన పత్రమునఁ దానేమి చెప్పినట్లున్నదో తెలియకయే పరీక్షాగృహము విడుచు విద్యార్థి, తాను జూడని దస్తావేజుపై వ్రేలిముద్ర వేసినవానితో సమానుఁడు.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. "ఇంత శ్రమ యేల? రెండవ మూఁడవ భాషలనుండి మినహాయింపు నిచ్చుటకుఁ జట్టమే యంగీకరించుచున్నది గదా, తెలుఁగు పరీక్షను దప్పించినఁ బోవును" అని కొందఱందురు. 17వ విభాగమున నా మాట యున్నది నిజమే. కోరినవారి కది మేలు. కోరనివారికి దానిని జూపి తలుపు మూయుట మేలు కాదు. ఈజిప్టుదేశీయుఁడు తాహా హుసేను బాల్యముననే చూపు గోల్పోయినవాఁడు. తనవలెనే చూపులేని ప్రాచీనకవి యగు మఅర్రీని గుఱించి సిద్ధాంతవ్యాసము వ్రాయించి 1914లో కైరో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొందెను. 1950లో నా దేశపు విద్యామంత్రి యయ్యెను. సాహిత్యము శ్రమయని యెవరైన నాతనిని దప్పించియుండినచో నష్టపడినది యరబ్బీ సాహిత్యమే.

వైకల్యమునకు నూటికి 40 పాళ్ల కొలఁది లేనిచో వ్రాయసకాఁడు లేఁడను వాదము నింకొకటి యుండెను. వ్రాయఁబోఁగనే చేతి కండరములు బిగిసికొనిపోవు రుగ్మత గల యొక యభ్యర్థి విషయమున సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న నా వాదమును ద్రోసిపుచ్చినది. వ్రాయుట కష్టమైనవానికి సహాయము నీయుటకు నా కొలఁది యక్కఱలేదని తీర్చినది. కొలఁదిని గాక యవసరమును జూడుమని దాని సారాంశము. పరిష్కర్తయు నట్లే గదా చేయును! ప్రతి యెంత శిథిలమని తూఁచడు. ఏ యక్షరము పోయినదో చూచును.

పరీక్షకుల తప్పును జెప్పిన నోట మన తప్పును జెప్పికొనవలెను. పరీక్షకు ముందు విద్యార్థికి గ్రంథము కావలెను గదా. 2012లో సవరింపఁబడిన గ్రంథస్వామ్యచట్టము, వైకల్యము గలవారి కనుకూలమగు రూపమునకుఁ బుస్తకములను మార్చుకొనుట కనుమతించినది. 2013లో మరాకేషు నగరమున నిందుకై యంతర్జాతీయపు టొడంబడిక జరుగఁగా, 2014లో దానిని మొట్టమొదట స్థిరపఱచిన దేశము మనదే. చట్టపు టడ్డంకి తొలఁగినది, మన యలవాటు తొలఁగలేదు. ప్రాచీనగ్రంథములను మనము పుటల ఛాయాచిత్రములుగా భద్రపఱచి కృతార్థుల మనుకొనుచున్నాము. అక్షరములు గుర్తింపఁబడని యట్టి చిత్రమును జదివి వినిపించు యంత్రము చదువఁజాలదు. యూనికోడ్ గాక వేఱు సంకేతములతోఁ గూర్చిన పుస్తకమును జదివినచో నర్థములేని యక్షరముల గుంపు వినఁబడును. తాళపత్రములనుండి కావ్యములను గాపాడితిమని చెప్పుకొను పరిశోధకులు, వానిని వేఱొక మూసిన పెట్టెలోఁ బెట్టితిమేమో యని యాలోచింపవలెను.

ఈ సర్దుబాట్లచే సమత్వము చెడునని శంకించు సోదరపండితుల కొక్కమాట. అవధానసభను స్మరింపుఁడు. అవధాని గంటము పట్టఁడు, కాగితము ముట్టఁడు. పద్యము పలుకును, వ్రాసికొనువా రితరులు. తుదను ధారణ చేయునపుడు వ్రాసికొన్నవానికిని ఆతఁడు చదివినదానికిని భేదము వచ్చినచో సభ మొట్టమొదట ననుమానించునది వ్రాఁతనే కాని యవధానిని గాదు. తిరుపతి వేంకటకవుల సభలను జూచి, వ్రాయక పలికిరి గనుక వారి పాండిత్యమున నొక మెట్టు తగ్గింపవలెనన్న పండితుఁ డుండెనా? విద్య చేతియందుఁ గాక ధారణయందున్నదని యంగీకరించిన జాతి మనది. సభలో నంగీకరించినదానిని బరీక్షాగృహమున నంగీకరించుట దయ కాదు, క్రొత్తదియుఁ గాదు.

నేను నాఁడు తగ్గించిన మార్కులను మఱల వేసితిని. అయినను ఆమె యడిగిన ప్రశ్న యింకను నా చెవిలో నున్నది: అందేమున్నదో వినిపింపుఁడు. పరీక్షాపత్రములు దిద్దు విద్వాంసు లందఱును, దోషము కనఁబడినంతనే ఎఱ్ఱసిరా ముట్టుటకు ముందు, ఇది కర్తదా, లేఖకునిదా యని యొక్కక్షణ మాఁగి విచారింతురు గాక.